తుపాను లెక్కల భాష: విశాఖ తీరానికి ఫోర్ట్రాన్ చేసిన మేలు

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోందని తెలియగానే విశాఖపట్నం రేవులోనూ, సింహాచలం కొండలకు వాయవ్యాన ఉన్న పెందుర్తిలోనూ మొదట వినబడే ప్రశ్నలు రెండు: తీరం ఎక్కడ దాటుతుంది, ఎప్పుడు దాటుతుంది. ఈ రెండిటికీ జవాబు వెతికే కంప్యూటర్ లెక్కల్లో పెద్ద భాగం నేటికీ ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే సాగుతోంది. ఈ భాష 1957లో వాడుకలోకి వచ్చింది. దాని తాజా ప్రమాణం 2023 నవంబరులో వెలువడింది. ఈ నడుమ భాషకు చేరిన ప్రతి కొత్త సౌకర్యం వెనుక లెక్కలు చేసేవారు పడిన ఒక ఇబ్బంది ఉంది. విశాఖ తీరపు తుపాను హెచ్చరికల చరిత్రను, ఫోర్ట్రాన్ మారిన తీరును పక్కపక్కన పెట్టి చూస్తే ఏ సౌకర్యం ఎందుకు వచ్చిందో, ఎవరికి పనికొచ్చిందో తెలుస్తుంది.

లెక్కకు ముందు పరిశీలన

విశాఖలో ఆకాశ పరిశీలన కంప్యూటర్ల కంటే వంద సంవత్సరాలకు పైగా పాతది. జమీందారీ కుటుంబానికి చెందిన గోడే వెంకట జగ్గారావు మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాల నెలకొల్పాడు. 1856లో ఆయన మరణించాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించాడు. 1868, 1871 సూర్యగ్రహణాలను, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిన ఘట్టాన్ని ఆయన పరిశీలించాడు. ఆ వేధశాల వాతావరణ కొలతలు కూడా తీసుకుని అచ్చు వేయించింది.

కొలతలు ఎంత అవసరమో తీరానికి కఠినంగా తెలిసివచ్చింది. 1864 నవంబరు ఒకటిన మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో 30 వేల మంది చనిపోయారని అంచనా. అంతకు కొద్ది వారాల ముందే మరో తుపాను కలకత్తాను దెబ్బతీసింది. మరుసటి ఏడాది కలకత్తా రేవులో తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దేశంలో మొదటి తుపాను గుర్తింపు రాడార్‌ను 1970లో విశాఖపట్నంలోనే నిలిపారు. 1974లో ఇక్కడ తుపాను హెచ్చరికల కేంద్రం వచ్చింది.

రాడార్ తుపాను ఇప్పుడు ఎక్కడుందో చెబుతుంది. రేపు ఎక్కడ ఉంటుందో తెలియాలంటే గాలి, పీడనం, ఉష్ణోగ్రత, తేమ ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో చెప్పే సమీకరణాలను సాధించాలి. బ్రిటిష్ శాస్త్రవేత్త లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ ఈ పద్ధతిని 1922లో పుస్తకంగా ప్రకటించాడు. భూమిని గడులుగా విభజించి, ఒక్కో గడిలో కొంత కాలం తరువాత పరిస్థితి ఎలా ఉంటుందో లెక్కగట్టడం దాని సారం. ఆయన చేత్తో చేసిన ఆరు గంటల అంచనా వాస్తవానికి చాలా దూరంగా వచ్చింది, కానీ దారి సరైనదే. 1950లో జూల్ చార్నీ, జాన్ వాన్ నాయ్‌మన్ తదితరులు అమెరికాలోని ఎనియాక్ యంత్రం మీద మొదటి కంప్యూటర్ వాతావరణ అంచనాలు చేశారు. అప్పటికి వాడుకలో ప్రోగ్రామింగ్ భాషలు దాదాపు లేవు. యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలను మనుషులే ఒక్కొక్కటిగా పేర్చాలి.

సూత్రాన్ని సూత్రంగా రాయడం

ఐబీఎం సంస్థలో జాన్ బాకస్ నాయకత్వంలోని చిన్న బృందం 1954 నుంచి పనిచేసి, 1957లో ఐబీఎం 704 యంత్రానికి ఫోర్ట్రాన్‌ను అందించింది. గణిత సూత్రాన్ని దాదాపు నోటుబుక్కులో రాసుకున్న రూపంలోనే రాస్తే, దాన్ని యంత్ర ఆదేశాలుగా మార్చే పని కంపైలర్ చూసుకుంటుంది. మనిషి చేత్తో రాసిన ఆదేశాలతో సమానంగా ఇది పరుగెత్తగలదా అని అప్పట్లో చాలామంది అనుమానించారు. బాకస్ బృందం వేగం మీదే అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టింది. ఈ భాష నిలబడటానికి అదే మొదటి కారణం.

మొదటి ఫోర్ట్రాన్‌లో వాతావరణ లెక్కకు బాగా పనికొచ్చిన ఆదేశం డూ. ఒకే లెక్కను వరుసగా అన్ని గడులకూ చేయమని చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు. 1958లో వచ్చిన ఫోర్ట్రాన్ 2లో సబ్‌రొటీన్లు చేరాయి. గాలి లెక్క ఒకరు, వాన లెక్క ఒకరు విడివిడిగా రాసి కలుపుకునే వీలు అప్పుడు వచ్చింది. వాళ్ల మధ్య సంఖ్యలు పంచుకోవడానికి కామన్ అనే ఉమ్మడి నిల్వ ఏర్పడింది. 1966లో అమెరికా ప్రమాణాల సంస్థ ఫోర్ట్రాన్ 66ను ప్రకటించింది. ఉన్నత స్థాయి ప్రోగ్రామింగ్ భాషల్లో జాతీయ ప్రమాణం పొందిన మొదటిది ఇదే. దాంతో ఒక కంపెనీ యంత్రం మీద రాసిన లెక్కను మరో కంపెనీ యంత్రం మీద నడపవచ్చన్న భరోసా దొరికింది.

తెలుగు నేలకు చేరిన తీరు

భారతదేశంలో ఫోర్ట్రాన్ బోధన ఊపందుకున్నది 1963లో కాన్పూర్ ఐఐటీకి ఐబీఎం 1620 కంప్యూటర్ వచ్చిన తరువాత. అక్కడ పాఠాలు చెప్పిన వి. రాజారామన్ రాసిన ఫోర్ట్రాన్ పుస్తకాలు దేశమంతటా ఇంజనీరింగ్ కళాశాలల్లో పాఠ్యగ్రంథాలయ్యాయి. తెలుగు విద్యార్థుల్లో ఎంతోమందికి మొదటి కంప్యూటర్ పాఠం ఆ పుస్తకాలే.

హైదరాబాద్‌లో 1967లో అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, మొదలైంది. ఆ సంస్థ 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను, 1970ల్లో టీడీసీ-316ను తయారు చేసింది. స్వదేశీ యంత్రాల మీద శాస్త్ర గణన చేయాలన్న సంకల్పం అలా తెలుగు నేల మీదే రూపు దిద్దుకుంది. అదే దశాబ్దంలో ఢిల్లీలోని వాతావరణ శాఖ ఐబీఎం 360/44 మీద సంఖ్యాత్మక అంచనాలు మొదలుపెట్టింది.

ఆనాటి పని పంచ్ కార్డుల మీద సాగేది. ఒక్కో కార్డు మీద ఒక్క వాక్యం. కార్డులో 80 గళ్లు ఉంటే, మొదటి ఐదు గళ్లు వాక్య సంఖ్యకు, ఆరోది పై వాక్యం కొనసాగుతోందని చెప్పడానికి, ఏడు నుంచి డెబ్బై రెండు వరకు అసలు వాక్యానికి కేటాయించేవారు. ఒక్క గడి జరిగినా లెక్క చెడేది. కార్డుల కట్టను కంప్యూటర్ కేంద్రంలో అప్పగించి, ఫలితం కోసం గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటి దాకా ఎదురుచూడాలి.

భాషలోనూ చిక్కులు ఉండేవి. చలరాశి పేరు ఆరు అక్షరాలు దాటకూడదు. ఐ నుంచి ఎన్ వరకు ఉన్న ఇంగ్లీషు అక్షరాలతో మొదలైన పేర్లన్నీ, వేరుగా చెప్పకపోతే, పూర్ణాంకాలే. ద్రవ్యరాశికి 'మాస్' అని పేరు పెడితే అది ఎం అక్షరంతో మొదలవుతుంది కాబట్టి దశాంశ భాగం చెప్పాపెట్టకుండా పోతుంది. వాక్యం మధ్య ఖాళీలకు విలువ లేదు. డూ వాక్యంలో కామా ఉండాల్సిన చోట పొరపాటున చుక్క పడితే, కంపైలర్ దాన్ని తప్పుగా పట్టుకోదు. కొత్త పేరుగల చలరాశికి ఒక దశాంశ విలువ ఇచ్చినట్టు చదువుకుంటుంది. లెక్క వందసార్లు తిరగాల్సింది ఒక్కసారే జరిగి ఆగిపోతుంది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి ఈ పరిమితులన్నీ ఉన్నాయి. పది వేలకు పైగా ప్రాణాలు తీసిన ఆ తుపాను నాటికి దారి అంచనా ఎక్కువగా గత తుపానుల రికార్డుల మీద, వాతావరణ పటాలు చదివే అధికారుల అనుభవం మీద ఆధారపడేది. తుపాను కదలికను గడిగడికీ సరిపడా వివరంగా లెక్కగట్టే శక్తి ఇక్కడి యంత్రాలకు అప్పటికి లేదు.

ఫోర్ట్రాన్ 77 తెచ్చిన తేట

1978లో ప్రచురితమైనా ఫోర్ట్రాన్ 77 పేరుతోనే నిలిచిన ప్రమాణం ప్రోగ్రామును మనిషి చదవగలిగేలా చేసింది. అంతకుముందు ఒక షరతు నెరవేరితే ఇటు, లేకపోతే అటు అని చెప్పాలంటే వాక్య సంఖ్యలు వేసి గోటూ ఆదేశంతో దూకించాలి. పెద్ద ప్రోగ్రాముల్లో ఈ దూకుళ్లు అల్లుకుపోయి, రాసినవాళ్లకే కొన్నాళ్లకు దారి తెలిసేది కాదు. 'ఇఫ్–దెన్–ఎల్స్–ఎండ్ ఇఫ్' రాకతో షరతుకు మొదలు, తుది కంటికి కనిపించసాగాయి.

అక్షరాలకు కారెక్టర్ అనే సొంత రకం కూడా అప్పుడే వచ్చింది. దానికి ముందు ఊరి పేరు అచ్చు వేయాలన్నా అక్షరాలు లెక్కపెట్టి, ఆ సంఖ్య వేసి, హెచ్ అనే గుర్తు రాసి, ఆ తరువాత పేరు రాయాలి. లెక్క ఒకటి తప్పితే వాక్యమంతా తప్పే. డూ ఆదేశంలో మరో ముఖ్యమైన దిద్దుబాటు జరిగింది. తిరగాల్సిన సార్లు సున్నా అయితే లోపలి లెక్క అసలు జరగకూడదని నిర్ణయించారు. అంతకుముందు చాలా కంపైలర్లు కనీసం ఒక్కసారి చేసేవి.

ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాలు వాడిన ఎంఎం5 అనే ప్రాంతీయ వాతావరణ నమూనా ప్రధానంగా ఈ ఫోర్ట్రాన్ 77 శైలిలో రాసిందే. ఆంధ్ర విశ్వవిద్యాలయ వాతావరణ, సముద్ర శాస్త్ర విభాగంలో బంగాళాఖాతపు తుపానుల మీద జరిగిన పరిశోధనల్లోనూ దాన్ని వాడారు.

ఫోర్ట్రాన్ 90: అసలైన మలుపు

ఎంఎం5 వంటి నమూనాల్లో పెద్ద ఇబ్బంది నిల్వ స్థలం. ఎన్ని గడులు ఉంటాయో ప్రోగ్రాములోనే ముందుగా రాసిపెట్టాలి. ఒక తుపానుకు విశాఖ చుట్టూ, మరో తుపానుకు నెల్లూరు చుట్టూ వేరే పరిమాణంలో గడులు కావాలంటే ఆ సంఖ్యలు మార్చి మొత్తం నమూనాను మళ్లీ కంపైల్ చేయాలి. కామన్ నిల్వ మరో ప్రమాదం. అందులో సంఖ్యలు వరుస క్రమాన్ని బట్టి పంచుకోబడతాయి. ఒక సబ్‌రొటీన్ పీడనం, ఉష్ణోగ్రత అనే వరుసలో, ఇంకొకటి ఉష్ణోగ్రత, పీడనం అనే వరుసలో రాస్తే యంత్రం ఏమీ అనదు. పీడనాన్నే ఉష్ణోగ్రతగా తీసుకుని లెక్క పూర్తి చేస్తుంది.

ఏళ్ల తరబడి సాగిన వాదోపవాదాల తరువాత 1991లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ఫోర్ట్రాన్ 90 ఈ ఇబ్బందులకు వరుసగా జవాబు చెప్పింది. అలోకేటబుల్ శ్రేణులు వచ్చాయి, అంటే గడుల సంఖ్యను ప్రోగ్రాము నడుస్తున్నప్పుడే నిర్ణయించవచ్చు. మాడ్యూళ్లు వచ్చాయి. సంఖ్యలు ఇక వరుసను బట్టి కాక పేరును బట్టి పంచుకోబడతాయి, రకం కుదరకపోతే కంపైలర్ అక్కడే ఆపుతుంది. 'ఇంప్లిసిట్ నన్' అని ఒక్క వాక్యం రాస్తే, ప్రకటించని పేరు ఏది కనబడినా తప్పుగా చూపిస్తుంది. కామా బదులు చుక్క పడిన పాత పొరపాటు దీనితో బయటపడుతుంది. కార్డు గళ్ల నియమం పోయి, వాక్యాన్ని ఎక్కడి నుంచైనా మొదలుపెట్టే వీలు వచ్చింది. పేర్లు 31 అక్షరాల వరకు పెట్టుకోవచ్చు.

శ్రేణుల మొత్తం మీద ఒకే వాక్యంతో లెక్క చేయడం వాతావరణ శాస్త్రవేత్తలకు అన్నిటికంటే నచ్చిన సౌకర్యం. తూర్పు–పడమర గాలి, ఉత్తర–దక్షిణ గాలి అనే రెండు శ్రేణుల నుంచి గాలి వేగం కనుక్కోవాలంటే, రెండిటి వర్గాలు కూడి వర్గమూలం తీసే సూత్రం ఒక్క వరుస చాలు. లక్ష గడులున్నా అదే వరుస. 'వేర్' ఆదేశంతో సముద్రం మీది గడులకు ఒక లెక్క, నేల మీది గడులకు ఇంకో లెక్క ఎంచి చేయవచ్చు. నేల తగలగానే బలం కోల్పోయే తుపాను లెక్కకు ఇది ఎంతో అవసరం.

ఎంఎం5 తరువాత తరంగా అమెరికా పరిశోధన సంస్థలు రూపొందించిన డబ్ల్యూఆర్ఎఫ్ నమూనా ప్రధానంగా ఫోర్ట్రాన్ 90 మీద నిలిచింది. దానిలో గడుల సంఖ్య మార్చడానికి మళ్లీ కంపైల్ చేయనక్కరలేదు. ఒక చిన్న జాబితా ఫైలులో సంఖ్యలు మార్చితే సరిపోతుంది. ఒక విద్యార్థి ఒకే రోజులో నాలుగైదు రకాల ప్రయోగాలు చేయగలిగే స్థితి భాషలోని ఒక్క సౌకర్యం వల్ల వచ్చింది.

ఒక యంత్రం నుంచి వేల యంత్రాలకు

గడి పరిమాణాన్ని సగం చేస్తే నేల మీద గడులు నాలుగు రెట్లవుతాయి. లెక్క స్థిరంగా ఉండాలంటే కాలం అడుగును కూడా సగం చేయాలి. అంటే పని దాదాపు ఎనిమిది రెట్లు. ఒకే యంత్రం ఎంత వేగవంతమైనా దీనికి చాలదు.

1988లో ఢిల్లీ ప్రాంతంలో మొదలైన జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం అమెరికా నుంచి తెప్పించిన క్రే ఎక్స్-ఎంపీ సూపర్ కంప్యూటర్ మీద పని ప్రారంభించింది. 1988లోనే పుణెలో కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్, హైదరాబాద్‌లో డీఆర్‌డీఓకు చెందిన అనురాగ్ సంస్థ ఏర్పడ్డాయి. సీ-డాక్ 1991లో పరమ్ 8000 సూపర్ కంప్యూటర్‌ను చూపింది. అనురాగ్ పేస్ అనే సమాంతర కంప్యూటర్‌ను నిర్మించింది. ఎన్నో ప్రాసెసర్లు పనిని పంచుకోవడం దేశంలో అలా వేళ్లూనుకుంది.

ఫోర్ట్రాన్ కూడా ఆ దారిలోనే మారింది. సమాంతర గణనకు ప్రపంచమంతా వాడే ఓపెన్ఎంపీ నియమావళి 1997లో మొట్టమొదట ఫోర్ట్రాన్‌కే వచ్చింది. ఫోర్ట్రాన్ 2003 సీ భాషలో రాసిన భాగాలతో నియమబద్ధంగా కలిసి పనిచేసే పద్ధతిని ఇచ్చింది. ఫోర్ట్రాన్ 2008 కోఅరేలను భాషలో భాగం చేసింది. ప్రతి ప్రాసెసర్ తన ముక్కలోని గడులను లెక్కగట్టి, అంచు గడుల విలువలను పక్క ప్రాసెసర్ నుంచి చదరపు కుండలీకరణాల గుర్తుతో నేరుగా తెచ్చుకోవచ్చు. 'డూ కాంకరెంట్' అనే రూపం, లోపలి లెక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడవని కంపైలర్‌కు హామీ ఇస్తుంది. అప్పుడు వాటిని ఏ వరుసలోనైనా, ఒకేసారి అయినా చేయవచ్చు. పెద్ద వాతావరణ నమూనాలు చాలావరకు ఎంపీఐ అనే వేరే సందేశ పద్ధతినే నమ్ముకున్నా, అదే ఆలోచనను భాష లోపలికి తేవడం చిన్న బృందాలకు మేలు చేసింది.

ఈ దశాబ్దాల కృషికి విశాఖలో పరీక్ష 2014 అక్టోబరు 12న ఎదురైంది. ఆ మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను గంటకు 170–180 కిలోమీటర్ల గాలులతో నగరం మీదే తీరం దాటింది. ఉత్తరాంధ్ర తీరానికి ముప్పు ఉందని వాతావరణ శాఖ రోజుల ముందే హెచ్చరించింది. డబ్ల్యూఆర్ఎఫ్, తుపానుల కోసం దాని నుంచి పుట్టిన హెచ్‌డబ్ల్యూఆర్ఎఫ్, ఇతర ప్రపంచ నమూనాల ఫలితాలు ఆ హెచ్చరికకు ఆధారాల్లో ఉన్నాయి. నగరంలో చెట్లు, కరెంటు స్తంభాలు కూలాయి, విమానాశ్రయం కప్పు ఎగిరిపోయింది. గాలి పెందుర్తి వైపు లోపలికి సాగి, అరకు కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను సైతం కూల్చింది. ఆస్తి నష్టం అపారం. అయినా ముందుగా తెలిసి లక్షల మందిని తరలించగలగడంతో ప్రాణనష్టం దివిసీమ నాటితో పోల్చదగింది కాదు. సముద్రపు ఉప్పెన అంచనాకు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాడే ఏడీసీఐఆర్‌సీ నమూనా కూడా ఫోర్ట్రాన్‌లో రాసిందే.

2018, 2023 ప్రమాణాలు

కొత్తవి చేర్చడంతోపాటు పాతవాటిని మర్యాదగా సాగనంపడం ఫోర్ట్రాన్ పద్ధతి. ఒక రూపాన్ని మొదట 'పాతబడింది' అని ప్రకటిస్తారు. సంవత్సరాల తరువాతే తొలగిస్తారు. 1957 నాటి అంకగణిత ఇఫ్‌ను ఫోర్ట్రాన్ 2018లో గానీ తీసివేయలేదు. కామన్ నిల్వ అదే ప్రమాణంలో పాతబడినవాటి జాబితాకు చేరింది. ప్రమాణం తొలగించినా చాలా కంపైలర్లు పాత రూపాలను ఇంకా అంగీకరిస్తూనే ఉంటాయి.

ఫోర్ట్రాన్ 2023లోని సౌకర్యాలు రోజువారీ పనిని తేలిక చేసేవి. సైన్, కొసైన్ వంటి త్రికోణమితి ప్రమేయాలను నేరుగా డిగ్రీల్లో వాడవచ్చు. అక్షాంశ రేఖాంశాలన్నీ డిగ్రీల్లోనే ఉండే వాతావరణ లెక్కలో, రేడియన్లకు మార్చడం మరిచిపోయే పొరపాటుకు ఇది చోటు తగ్గిస్తుంది. షరతును బట్టి రెండు విలువల్లో ఒకదాన్ని ఎంచడం ఒకే వాక్యంలో కుదురుతుంది. పదాల వరుసను ముక్కలు చేసే స్ప్లిట్, టోకెనైజ్ ప్రక్రియలు వచ్చాయి. పరిశీలన కేంద్రాల నుంచి కామాలతో వచ్చే వివరాలను చదవడానికి ఇవి అక్కరకొస్తాయి. సమాంతరంగా నడిచే డూ కాంకరెంట్‌లో మొత్తాలు, గరిష్ఠ విలువలు సురక్షితంగా కూడబెట్టే రెడ్యూస్ నియమం చేరింది. ఒక వరుస పది వేల అక్షరాల దాకా ఉండవచ్చు. 72 గళ్ల కార్డు కాలం నుంచి ఇంత దూరం వచ్చినా, ఆ కాలపు లెక్కల్లో చాలా భాగం స్వల్ప మార్పులతో నేటికీ నడుస్తుంది.

పెందుర్తి ఏ గడిలో ఉంది

పెందుర్తి నుంచి సముద్రం సూటిగా ఇరవై కిలోమీటర్ల లోపే. 1994లో దేశంలో వాడుకలోకి వచ్చిన టీ-80 నమూనాలో ఒక గడి సుమారు 150 కిలోమీటర్లు. విశాఖ రేవు, పెందుర్తి, అరకు లోయ ఆ గడిలో విడిగా కనబడేవి కావు. తరువాత 12 కిలోమీటర్ల గడులు వచ్చాయి. 2018లో ప్రత్యూష్, మిహిర్, 2024లో అర్క, అరుణిక అనే సూపర్ కంప్యూటర్లు చేరాయి. 2025 మే నెలలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి ఆరు కిలోమీటర్లకు తగ్గింది. తీరానికి, పెందుర్తికి మధ్య ఇప్పుడు రెండు మూడు గడులున్నాయి. వాన సముద్రం ఒడ్డున పడుతుందా, మేఘాద్రిగెడ్డ జలాశయం పరీవాహకంలో పడుతుందా అన్న ప్రశ్నను లెక్క ముందు పెట్టే వీలు దొరికింది. జలాశయం గేట్లు ఎప్పుడు ఎత్తాలో, దిగువ కాలనీలను ఎప్పుడు అప్రమత్తం చేయాలో నిర్ణయించేవారికి ఆ తేడా ముఖ్యం.

కృత్రిమ మేధతో వాతావరణ అంచనాలు వేసే కొత్త పద్ధతులు ఇటీవల వచ్చాయి. అవి పైథాన్ అనే భాష పరికరాలతో తయారైనా, నేర్చుకునేది మాత్రం ఎక్కువగా ఐరోపా వాతావరణ అంచనా కేంద్రం రూపొందించిన ఎరా-5 గణాంకాల నుంచి. ఆ గణాంకాలను తయారు చేసిన నమూనా ఫోర్ట్రాన్‌లోనిదే. పాత భాష మీద పోసిన పునాది కొత్త కట్టడాన్ని మోస్తోంది.

ప్రోగ్రామింగ్ భాషలో కొత్త సౌకర్యం విలువను రెండు కొలతలతో చూడాలి: అది ఏ శ్రమను, ఏ పొరపాటును తగ్గించింది, ముందు తరాల పనిని ఎంతవరకు నిలిపింది. ఈ రెండిటిలోనూ ఫోర్ట్రాన్ నెగ్గింది. విశాఖ, పెందుర్తి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల్లో చదివే విద్యార్థులు కొత్త భాషలతోపాటు నేటి ఫోర్ట్రాన్‌ను కూడా నేర్చుకోవాలి. తమ తీరాన్ని కాచే లెక్కలను చదవగలిగేవారు, దిద్దగలిగేవారు ఈ ఊళ్ల నుంచే రావడం అవసరం.